ఊయల ఉన్న ఇంట్లో క్వార్టర్ లెక్క

బిడ్డ పుట్టిన కబురు ఊళ్లోకి చేరగానే తండ్రికి ఎదురయ్యే మొదటి మాట “పార్టీ ఎప్పుడు బావా?” అనేదే. తల్లి ఇంకా కాన్పు మంచం మీదే ఉంటుంది. నరసరావుపేటలోనో మాచర్లలోనో ఆసుపత్రి వరండాలో స్వీటు డబ్బా తిరుగుతుంటుంది. బయట బండి దగ్గర నిలబడ్డ స్నేహితులకు ఆ స్వీటు చాలదు. పురుడు వెళ్లాక ఒకసారి, బారసాల రాత్రి మేడ మీద ఒకసారి, ఆరో నెలలో అన్నప్రాశనకు ఇంకోసారి సీసాలు తెరుచుకుంటాయి. కొడుకు పుడితే ఇంకాస్త ఘనంగా. ఎన్ని సీసాలు, ఏ బ్రాండు, నంజుకోవడానికి ఏముంది అన్న ప్రశ్నలన్నీ వస్తాయి. ఆ రాత్రి రెండింటికి బిడ్డ ఏడిస్తే లేచేది ఎవరని మాత్రం ఎవరూ అడగరు.

ఈ కథనం ఆ ప్రశ్న గురించే. మందు జోలికి పోకుండా ఉండగలిగిన ఇంటికి ఈ లెక్కలతో పనిలేదు, అంతకన్నా మేలు లేదు కూడా. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి పూర్తిగా క్షేమం అనదగ్గ పరిమాణం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చిచెప్పింది. అయినా పల్నాడులో ఊయల కట్టిన ఇళ్లలో చాలాచోట్ల తాగే మనిషి ఉన్నాడు. ఆయన తాగుబోతు కాదు. పనికి పోతాడు, ఇంట్లో డబ్బులిస్తాడు, పెళ్లాం మీద చెయ్యెత్తడు. “నేను మితంగానే తీసుకుంటా” అంటాడు, నమ్మే అంటాడు. ఆ మితాన్ని ఆయన తన ఒంటిని చూసి కొలుచుకున్నాడు. ఇంట్లో అయిదు కిలోల ప్రాణం ఒకటి చేరాక ఆ కొలత మారాలి. మా మాట ఇంతే.

క్వార్టర్‌లో ఎన్ని పెగ్గులు?

మితం గురించి మాట్లాడాలంటే ముందు సీసా చేతిలోకి తీసుకోవాలి. బ్రాందీ, విస్కీ ఏదైనా లేబుల్ మీద చిన్న అక్షరాల్లో 42.8 శాతం అని ఉంటుంది. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. అందులో అసలు ఆల్కహాల్ సుమారు 77 మిల్లీలీటర్లు, తూకానికి 60 గ్రాములు. వైద్యులు ఒక ప్రామాణిక పెగ్గు అంటే పది గ్రాముల ఆల్కహాల్ అని లెక్కగడతారు. అంటే మన ఒక్క క్వార్టర్‌లో ఆరు పెగ్గులు. నైంటీలో, అంటే అందులో సగంలో, మూడు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో దాదాపు నాలుగు. “ఒక్క బీరే కదా” అనేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఆరోగ్యవంతుడి కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాముల ఆల్కహాల్‌ను మాత్రమే కరిగించగలదు. మజ్జిగ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా, నిమ్మకాయ పిండుకున్నా ఆ వేగం పెరగదు. రాత్రి పది గంటలకు క్వార్టర్ ముగించిన మనిషి ఒంట్లో తెల్లవారుజామున నాలుగింటి దాకా, కొందరికి ఆరింటి దాకా ఆల్కహాల్ ఉంటుంది. మాట తడబడకపోవచ్చు, నడక తూలకపోవచ్చు. మూడు నెలల బిడ్డ రెండు మూడు సార్లు లేచేది సరిగ్గా ఈ గంటల్లోనే.

పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గరో, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలోనో డ్యూటీ దిగినవాడు షాపు ముందు ఆగితే 60 మిల్లీలీటర్లు కొలిచి ఇమ్మని అడగడు. క్వార్టర్ ఇమ్మంటాడు. ఇక్కడ మితానికి కొలమానం క్వార్టరే అయిపోయింది. 2019 నుంచి 2024 దాకా ప్రభుత్వమే షాపులు నడిపినప్పుడు ధరలు చుక్కలనంటాయి, ఊరూపేరూ లేని బ్రాండ్లు వచ్చాయి. పొందుగుల దగ్గరా, సాగర్ రోడ్డు మీదా తెలంగాణ సీసాలు పట్టుబడని వారం లేదన్నట్టు ఉండేది. 2024 అక్టోబరు 16 నుంచి మళ్లీ ప్రైవేటు షాపులు వచ్చాయి. రాష్ట్రమంతటా 3,396 షాపులను లాటరీలో కేటాయించారు, 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు. ఇన్నేళ్లలో ధర మీద వాదనలు జరిగాయి, బ్రాండు మీద జరిగాయి, బెల్టు షాపుల మీద ఎన్నికలే జరిగాయి. ఆ సీసా ఒక్క మనిషికి ఒక్క రాత్రికి ఎంత ఎక్కువో చెప్పిన నాయకుడు మాత్రం లేడు.

అయిదో నెలలో అత్తారింటికి

మనవైపు తొలి కాన్పు పుట్టింట్లోనే. అమ్మా అమ్మమ్మా చెరో పక్క కాపలా ఉంటారు. బాలింతకు పథ్యం, వెల్లుల్లి కారం, కాయం ముద్ద. బిడ్డకు నలుగు, స్నానం, సాంబ్రాణి పొగ. అల్లుడుగారు వారానికోసారి వచ్చి బిడ్డను చూసుకుని వెళతారు. ఆయన తన ఊళ్లో ఏం తాగినా ఆ సీసాకూ ఈ ఊయలకూ మధ్య ముప్పై కిలోమీటర్లో, నలభై కిలోమీటర్లో దూరం ఉంటుంది. ఎవరూ ఆలోచించి పెట్టుకున్న ఏర్పాటు కాకపోయినా, బిడ్డకు అదొక రక్షణ.

మూడో నెలలోనో అయిదో నెలలోనో మంచిరోజు చూసి, సారె పెట్టి, తల్లీబిడ్డలను అత్తారింటికి పంపుతారు. ఆ దూరం ఒక్క పూటలో మాయమవుతుంది. కారణం అంతుపట్టకుండా నిద్రలోనే పసిబిడ్డ చనిపోయే ఘటనలు ప్రపంచమంతటా ఎక్కువగా జరిగేది రెండు నుంచి నాలుగు నెలల వయసులో. మూడో నెలలో అత్తారింట అడుగుపెట్టే బిడ్డ సరిగ్గా ఆ వయసులో ఉంటుంది, అయిదో నెలలో వచ్చే బిడ్డకూ ఆ ముప్పు పూర్తిగా తప్పిపోయినట్టు కాదు. బిడ్డను పంపే ముందు వర్జ్యం చూస్తాం, దుర్ముహూర్తం చూస్తాం, దిష్టికి బుగ్గన నల్లచుక్క పెడతాం. అక్కడ బిడ్డ ఎక్కడ పడుకుంటుంది, ఎవరి పక్కన పడుకుంటుంది అన్న మాట కూడా ఆ రోజే తేలాలి.

ఇంగ్లండు నైరుతి ప్రాంతంలో 2003 నుంచి 2006 దాకా ఇలా నిద్రలో పోయిన 80 మంది పసిబిడ్డల వివరాలను పరిశోధకులు ఇంటింటికీ తిరిగి సేకరించారు. 2009లో ప్రచురించారు. సగానికి పైగా బిడ్డలు పెద్దల పక్కన పడుకుని ఉండగా పోయారు. ఆ అంకె ఒక్కటే చూస్తే బిడ్డను పక్కలో వేసుకోవడమే తప్పనిపిస్తుంది. లోతుకు వెళితే సంగతి వేరు. పోయిన బిడ్డల్లో 31 శాతం మంది, మందో మత్తు పదార్థమో తీసుకున్న పెద్దల పక్కన పడుకున్నవాళ్లు. పోల్చి చూడటానికి తీసుకున్న మామూలు ఇళ్లలో అలాంటివి 3 శాతమే. సోఫా మీద బిడ్డతో కలిసి నిద్రపోవడం కూడా అంత ప్రమాదకరంగానే తేలింది.

మన ఇళ్లలో బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టమని చెబితే ఎవరూ వినరు, వినాల్సిన అవసరమూ లేదు. పాలిచ్చే తల్లి నిద్రలో కూడా బిడ్డ వైపే ఒత్తిగిలి ఉంటుంది, చిన్న కదలికకే మెలకువ వస్తుంది. మందు పుచ్చుకున్న మనిషి నిద్ర అలా ఉండదు. చెయ్యి దేనిమీద పడిందో ఒంటికి తెలియదు. పక్కన మూలుగు వినిపించదు. ఒళ్లు దొర్లితే దొర్లినట్టే ఉండిపోతుంది. మూడు నెలల బిడ్డ తన ముఖం మీద పడ్డ దుప్పటిని తీసుకోలేదు, దిండులో కూరుకుపోయిన ముక్కును పక్కకు తిప్పుకోలేదు. ఊపిరి అందనప్పుడు ఏడవలేదు కూడా. అందుకే ఇలాంటివి చప్పుడు లేకుండా జరిగిపోతాయి. తెల్లవారాక బాలగ్రహమనో, పాలు పొరబోయాయనో, దిష్టి అనో ఏదో ఒక పేరు పెట్టుకుని ఆ ఇల్లు ఏడుస్తుంది.

రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లకు ఇంకో మాట చెప్పాలి. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత ఎక్కడంటే ఆ ఊరి పేరే ఎన్నోసార్లు పేపర్లో వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో పల్నాడు ఇంట్లో కూలర్ ఉన్న గది ఒక్కటే ఉంటుంది, ఇల్లంతా ఆ గదిలోనే సర్దుకుంటుంది. చలికాలంలో వసారాలో పడుకునే తండ్రి కూడా వేసవిలో బిడ్డ పక్కకే చేరతాడు. తాగిన రాత్రి ఆయన మంచం వసారాలో వేయాలి, లేదా మేడ మీద వేయాలి. ఉక్కపోస్తే ఫ్యాను పెట్టుకోవాలి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. పొలం నుంచి ఎరువు చేతులతో వచ్చినవాడు కాళ్లూ చేతులూ కడుక్కోకుండా బిడ్డను ఎత్తుకోడు కదా, అంత మామూలు విషయం ఇది.

తూలకుండా ఉన్నా సరే, తాగిన రాత్రి బిడ్డను గుండెల మీద వేసుకుని పడక్కుర్చీలోనో సోఫాలోనో జోకొట్టవద్దు. అంత ముద్దొచ్చే పని ఇంకొకటి లేదు, అందుకే గట్టిగా చెప్పాల్సి వస్తోంది. నిద్ర ముందు తండ్రికే పడుతుంది. ఊయల మంచిదే. పాత చీరతో దూలానికి కట్టిన ఊయలైతే ముడి గట్టిదో కాదో తాగని మనిషి చూడాలి. లోపల దిండ్లు, బొంతలు కుక్కకూడదు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి.

అన్నిటికన్నా ముందు ఒక ఒప్పందం కావాలి. ఏ రాత్రయినా ఇంట్లో చుక్క ముట్టని పెద్ద మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి ఎప్పుడూ తల్లే కావాలన్న రూలు పెట్టుకోవద్దు. నెలల తరబడి సరైన నిద్ర లేని తల్లి కూడా ఒక రాత్రికి మత్తు మందు మింగిన మనిషిలాగే నిద్రపోతుంది. నాయనమ్మ ఉంటే ఆవిడ, తాత ఉంటే ఆయన. ఇద్దరే ఉండే అద్దె ఇంట్లో మరి ఎవరు? ఆ ఇంట్లో తండ్రికి ఆ ఏడాది మందు చెల్లదు. దాన్ని ఇంకా మెత్తగా చెప్పే దారి మాకు కనిపించలేదు.

తల్లి సంగతి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 23.3 శాతం మంది తాగుతారు, ఆడవాళ్లలో 0.5 శాతం. కృష్ణ దాటితే తెలంగాణలో మగవాళ్లు 43.3 శాతం, ఆడవాళ్లు 6.7 శాతం. మన దగ్గర ఆడవాళ్ల అంకె అంత తక్కువగా ఉండటానికి సర్వేవాళ్లు ఇంటికి వస్తే “తాగుతా” అని చెప్పుకోగలిగిన ఆడమనిషి లేకపోవడమూ ఒక కారణమై ఉండొచ్చు. మిర్చి కోతల్లో నడుం విరిగేలా వంగి, ఒళ్లు నొప్పులకు సాయంత్రం ఇంత గొంతులో పోసుకునే కూలి తల్లులు ఉన్నారు. నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉద్యోగం చేస్తూ, బిడ్డ పుట్టాక ఒక పుట్టినరోజు విందులో గ్లాసు వైన్ పట్టుకుని “తాగొచ్చా?” అని మనసులోనే కొట్టుకులాడే అమ్మాయిలూ ఉన్నారు. మొదటివాళ్లను కసురుతాం, రెండోవాళ్ల గురించి గుసగుసలాడతాం. ఇద్దరికీ కావలసింది సరైన సమాచారం.

గర్భంతో ఉన్న తొమ్మిది నెలలూ ఒక్క చుక్క కూడా వద్దు. అక్కడ మితం అనే మాటే లేదు, బిడ్డ మెదడు తయారయ్యే కాలమది. పాలిచ్చే కాలానికి వస్తే, మానేయడమే అన్నిటికన్నా క్షేమం. తల్లి రక్తంలో ఎంత ఆల్కహాల్ ఉంటుందో పాలలోనూ దాదాపు అంతే ఉంటుంది. తాగిన అరగంట నుంచి గంటలోపు అది గరిష్ఠానికి చేరుతుంది. రక్తంలో తగ్గుతున్నకొద్దీ పాలలోనూ తగ్గుతుంది. ఒక ప్రామాణిక పెగ్గుకు కనీసం రెండు గంటలు ఆగి పాలివ్వాలని అమెరికా వైద్య సంస్థలు చెబుతాయి. ఎప్పుడో ఒకసారి, ఒక్క పెగ్గు, రెండు గంటల విరామం, ఇంతవరకైతే బిడ్డకు హాని కనిపించలేదని కూడా అవే సంస్థలు అంటాయి. అమెరికా లెక్కలో పెగ్గు ఇంకాస్త పెద్దది. బిడ్డ విషయం కాబట్టి మనం పది గ్రాముల పెగ్గునే పట్టుకుందాం. ఆ లెక్కన నైంటీ పుచ్చుకున్న తల్లి ఆరు గంటలు ఆగాలి, స్ట్రాంగ్ బీరు సీసా తాగితే ఎనిమిది గంటలు. అప్పుడే పుట్టిన బిడ్డ అంతసేపు ఆకలికి ఆగదు.

పాలు పిండి పారబోస్తే మందు పోతుందనుకునేవాళ్లు చాలామంది. పోదు. రక్తంలో ఉన్నంతసేపు కొత్తగా ఊరే పాలలోకీ వస్తూనే ఉంటుంది. రొమ్ము బరువెక్కి సలుపుతుంటే ఉపశమనానికి పిండుకోవచ్చు, అంతవరకే. విందు ఉందని ముందే తెలిస్తే ఆ ఉదయమే పాలు పిండి, శుభ్రమైన మూత గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మేలైన దారి.

బీరు తాగితే పాలు పడతాయన్న మాట మనదగ్గరే కాదు, ప్రపంచమంతటా ఉంది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రంలో జూలీ మెనెల్లా 1990ల నుంచి దీన్నే పరిశోధించారు. మందు తీసుకున్న తల్లుల దగ్గర బిడ్డలు చీకడం చీకారు గానీ, ఆ తర్వాతి కొన్ని గంటల్లో వాళ్లకు అందిన పాలు దాదాపు అయిదో వంతు తగ్గాయి. పాలను బయటికి నెట్టే ఆక్సిటోసిన్ హార్మోన్‌ను ఆల్కహాల్ అణచివేస్తుంది. తల్లికి రొమ్ము నిండినట్టు అనిపిస్తుంది, బిడ్డకు పాలు చేరవు. నిద్ర కూడా ఆ బిడ్డలకు తగ్గింది. బిడ్డ హాయిగా పడుకుంటుందని గుక్కెడు తాగే తల్లికి ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

దశమూలారిష్టం గురించి అడిగేవాళ్లున్నారు. బాలింతకు ఆ సీసా ఇవ్వని ఇల్లు మనవైపు తక్కువ. అరిష్టాలూ ఆసవాలూ పులియబెట్టి చేసేవి, వాటిలో తనంతట తయారైన ఆల్కహాల్ ఉంటుంది, లేబుల్ మీద ఆ శాతం వేస్తారు. ఎనిమిది శాతం ఉందనుకుంటే 30 మిల్లీలీటర్ల మోతాదులో రెండు గ్రాములకు లోపే. క్వార్టర్ పక్కన పెట్టి చూస్తే ఇది చాలా చిన్న లెక్క, దీనికి బెంబేలెత్తాల్సిన పని లేదు. మూతతో కొలిచి తాగాలి, పాలిచ్చిన వెంటనే తాగితే మళ్లీ పాల వేళకు విరామం దొరుకుతుంది, డాక్టరమ్మకు చెప్పి తాగాలి. గ్లాసులో గుమ్మరించి తాగితే మాత్రం అది మందు కిందికే వస్తుంది.

బిడ్డ నోట్లో రెండు చుక్కలు

జలుబు చేస్తే చెంచాలో రెండు చుక్కల బ్రాందీ. పళ్లొచ్చేటప్పుడు చిగుళ్లకు వేలితో రుద్దడం. చలికాలం రాత్రి ఛాతీకి పూసి, వేలికి మిగిలింది నాలుకకు అద్దడం. ఇది తాగుబోతుల ఇళ్ల ముచ్చట కాదు, ఏనాడూ మందు ముట్టని అమ్మమ్మలు నిండు ప్రేమతో చేసిన పని. పసిబిడ్డ కాలేయం ఆల్కహాల్‌ను కరిగించే స్థితికి ఇంకా రాలేదు. పైగా అది రక్తంలో చక్కెరను పడగొడుతుంది. మత్తుగా పడి ఉన్న బిడ్డను చూసి “ఉపశమించింది, నిద్రపోతోంది” అనుకుంటాం. చక్కెర పడిపోయిన బిడ్డకు ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. పసివాళ్లకు బ్రాందీ చుక్క అనేది ఏ జబ్బుకూ, ఏ మోతాదులోనూ వైద్యం కాదు.

పిల్లల టానిక్‌గా అమ్మే అరవిందాసవం కూడా ఆసవమే, దాని లేబుల్ కూడా చదవాలి. తల్లికి చిన్న లెక్క అయింది నాలుగు కిలోల బిడ్డకు చిన్నది కాదు. ఏడాది లోపు బిడ్డకు ఆ సీసా మూత తీసేముందు పిల్లల డాక్టరును అడగండి.

గ్రైప్ వాటర్ కథ ఇక్కడే చెప్పుకోవాలి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి 1851లో తయారుచేసిన ఈ సీసా మన అమ్మమ్మల నాటి నుంచీ తెలుగు ఇళ్లలో ఉంది. మొదట్లో అందులో సోయికూర (డిల్) గింజల నూనెతో పాటు ఆల్కహాల్ కూడా ఉండేది. బిడ్డ ఏడుపు ఆగడంలో దాని వాటా ఎంతో ఊహించుకోవచ్చు. బ్రిటన్‌లో 1990ల మొదట్లో దాన్ని తీసేశారు. ఇప్పుడు మన దగ్గర అమ్మేది ఆల్కహాల్ లేనిదే. అయినా ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ, చివరికి మంచినీళ్లూ అక్కర్లేదని వైద్యులు చెబుతుంటే దాని అవసరం ఏమిటన్నది వేరే ప్రశ్న.

ఎనిమిదో నెలలో బిడ్డ పాకుతుంది. చేతికందిందల్లా నోట్లోకే. కూల్‌డ్రింక్ సీసాలో కలిపి, సగం తాగి, మంచం కోడు పక్కన పెట్టి నిద్రపోయే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. పొద్దున్నే అందరికన్నా ముందు లేచేది బిడ్డే. మిగిలింది పారబోసి, సీసా కడిగి, అప్పుడు పడుకోవాలి. బిడ్డ ఒక్క గుక్క మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించవద్దు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, సీసాను కూడా వెంట తీసుకెళ్లాలి.

మాల వేసుకున్నవాడికి ఎవరూ పోయరు

ఇన్ని చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. పల్నాడులో ఒంటరిగా మితం పాటించడం కష్టం. నలుగురు కూర్చున్నచోట ఒకడు ముప్పై మిల్లీలీటర్లతో ఆపితే మిగతా ముగ్గురూ ఊరుకోరు. “మా మీద ఒట్టు” అంటారు, “పెళ్లానికి భయపడ్డావా” అంటారు. కారంపూడిలో వీరుల గుడికి మొక్కే నేల మనది, మాట పడటం మగవాడికి నామర్దా అని ఇక్కడి గాలిలోనే ఉంది.

అదే మనిషి కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. భవానీ మాల అయినా అంతే. క్వార్టర్ లేకుండా నిద్ర పట్టదన్నవాడు చాప మీద పడుకుని తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుంటాడు. ఆ బలం ఒక్క భక్తి వల్లే వచ్చిందనుకోలేం. మెడలో మాల కనపడగానే ఊరంతా పద్ధతి మార్చుకుంటుంది. నిన్నటి దాకా “రారా” అన్నవాడు “స్వామీ” అంటాడు. బలవంతం చేసేవాడు ఉండడు, గ్లాసు ముందుకు తోసేవాడు ఉండడు. ఇంట్లో వంట మారుతుంది, పడక మారుతుంది, మాట కూడా మారుతుంది. మానడం ఒక్కడి పంతంగా మిగలకుండా అందరి పని అవుతుంది.

బిడ్డ పుట్టిన ఇంటికి ఆ మర్యాద ఎందుకు ఇవ్వకూడదు? “పాప చిన్నది, ఇంకా ఏడాది నిండలేదు” అంటే ఆ మాటకు మాలకున్నంత విలువ ఇవ్వాలి. స్నేహితులు బలవంతం చేయకూడదు, బావమరిది సీసా పట్టుకుని రాకూడదు. పార్టీ కావాలంటే కోటప్పకొండ మొక్కు తీర్చుకుని వచ్చి భోజనాలు పెట్టుకోవచ్చు. పురిటి రోజుల్లో శుభకార్యాలు చేసుకోం, గుడికి పోం. బిడ్డ చుట్టూ ఒక గీత గీయడం మనకు తెలిసిన పద్ధతే. ఆ గీతలో మందును చేర్చడం మరిచిపోయాం.

ఈ పనిని ముందు ఆడవాళ్లే మొదలుపెడతారని మా నమ్మకం, దానికి చరిత్ర ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1991, 92 నాటికి రాత్రి బడిలో అక్షరాలు దిద్దుతున్న కూలి మహిళలు తమ వాచకంలోని సీతమ్మ కథ చదివి, అది తమ కథేనని గుర్తుపట్టి, సారా దుకాణం మూయించారు. వాళ్లను ముందుండి నడిపిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం. రెండేళ్లు తిరిగేసరికి 1997లో సడలించారు. నిషేధం ప్రభుత్వం చేతిలో ఉంది, అది పెట్టవచ్చు, తీసేయవచ్చు. ఊయల ఉన్న గదిలోకి సీసా రాకుండా ఆపడానికి జీవో అక్కర్లేదు.

ఆశా కార్యకర్త కాన్పు అయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తుంది. మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మూడు నెలలకోసారి మళ్లీ వస్తుంది. బిడ్డను తూకం వేస్తుంది, బొడ్డు చూస్తుంది, పాలు సరిపోతున్నాయా అని అడుగుతుంది. మాట్లాడేదంతా తల్లితోనే, తండ్రి అప్పటికే పనికి పోయి ఉంటాడు, ఉన్నా గడప అవతలే నిలబడతాడు. ఒక్కసారైనా ఆయన్ను కూర్చోబెట్టి “అన్నా, రాత్రి బిడ్డ పక్కన ఎవరు పడుకుంటున్నారు?” అని అడిగితే చాలా విషయాలు బయటికి వస్తాయి. ఆ మాట ఆశా అడిగితే తప్పు పట్టుకోరు. కోడలు అడిగితే ఇంట్లో గొడవవుతుంది. అల్లుడిని అత్తగారు నేరుగా అడగలేరు. సారె పంపే రోజున మామగారో మేనమామో పక్కకు తీసుకెళ్లి, “అల్లుడుగారూ, తాగిన రోజు బిడ్డ దగ్గర పడుకోవద్దు, ఈ ఒక్కటీ మాకోసం” అని అడగవచ్చు. ఆ మాత్రం చనువు మన చుట్టరికాల్లో ఉంది.

మానాలనుకున్నా మానలేనివాళ్ల గురించి చివరిగా. రోజూ క్వార్టరో, అంతకన్నా ఎక్కువో ఏళ్ల తరబడి తాగుతున్న మనిషి, బిడ్డ మీద ఒట్టేసి ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం, ఫిట్స్, లేనివి కనిపించి భయపడటం రావచ్చు. దాన్ని గాలి సోకిందనుకుని ఇంట్లో కట్టేసి ఉంచకూడదు, అది ప్రాణాంతకం కావచ్చు. గుంటూరు జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికి తీసుకెళ్లాలి. మందులతో మెల్లగా మాన్పిస్తారు. వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 14446. తాగే మనిషే ఫోన్ చేయాలన్న నియమం ఏమీ లేదు. భార్య చేయవచ్చు, తల్లి చేయవచ్చు, తమ్ముడు చేయవచ్చు. ఇంట్లో కొట్టడం, తిట్టడం ఉంటే 181కి చేయాలి, బిడ్డకు అపాయం ఉందనిపిస్తే 1098కి. ఈ నంబర్లు ఫోన్‌లో వేరే పేరుతో సేవ్ చేసుకున్నా ఫర్వాలేదు.